మన పిల్లలకు చుక్కలు చూపించే సైట్లు

పోయిన వారం చింతపండు పురుగు పట్టకుండా నిలవ చేసే పద్ధతి రాశాను. దాని గురించి ఇంకా చెప్పవలసింది వుంది గాని, ఈ వారానికి చింతపండును జాడీలో పెట్టి వాసెన కట్టేద్దాం. ఈసారి చెప్పబోయేది మా ఇంట్లో జరిగిన ఒక ఏడుపు సంగతి. ఆ ఏడుపుకి కారణం నేనే.

మా చిన్నమ్మాయి ఏడో తరగతి చదువుతుండగా, ఆగస్టు 23న బడిలో జాతీయ అంతరిక్ష దినోత్సవం చేశారు. 2023లో ఆ తేదీనే సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి మన చంద్రయాన్-3 చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది గదా, అందుకని ఆ రోజు. పిల్లలందర్నీ చార్టులు వేసుకు రమ్మన్నారు. నాకు సైన్సు రాదు. ఇంటర్లో నాది హెచ్.ఇ.సి. అయినా పిల్ల అడిగితే కాదనలేక ఫోనులో వెతికి ఒక సైటు పట్టి ఇచ్చాను. తెలుగులో వుంది, బొమ్మలు ముచ్చటగా వున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. అమ్మాయి రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రంగులు వేసింది. సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలు. శనికి 62 చంద్రులు.

బడికి వచ్చిన అతిథి పాపం మంచాయనే. "ప్లూటోని గ్రహాల్లోంచి తీసేశారు తల్లీ, నీకు తెలీదా?" అని మెల్లగానే అడిగారట. కాని పక్కనున్న పిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి చార్టుని మంచం కిందకి తోసేసి, అది నన్నడిగిన మాట ఏమిటో తెలుసా? "నాకు ఇంగ్లీషు రాదు గనక తెలుగులో చూశాను. అందుకే తప్పయిందా అమ్మా?"

కూరలో వుప్పు ఎక్కువైతే సరిచెయ్యొచ్చు. ఈ మాటని ఏం పెట్టి సరిచెయ్యాలి చెప్పండి?

తప్పు తెలుగుదీ కాదు, పిల్లదీ కాదు. 2006 ఆగస్టు 24న ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై ప్లూటోని మరుగుజ్జు గ్రహం అని తేల్చారు. అప్పటికి మా పిల్ల పుట్టనేలేదు. ఆ సైటు వాళ్ళు ఏనాడో రాసి పెట్టి మళ్ళీ దాని మొహం చూడలేదు. నేను చూడకుండా ఇచ్చాను. మసాలా పొట్లం కొంటే వెనక్కి తిప్పి తేదీ చూస్తాను గదా, పిల్ల చదివేదానికి ఎందుకు చూడలేదు అని ఆ రాత్రి నన్ను నేనే తిట్టుకున్నాను.

తర్వాత మా అమ్మాయి వాళ్ళ సైన్సు టీచరమ్మ ఒక మాట అన్నారు. "బడిలో పెద్ద తెర వుంది. ఏం చూపించాలో వెతికే తీరిక నాకు లేదు, ఇక్కడ సిగ్నలు ఎప్పుడుంటుందో తెలీదు. మీరు ఇంట్లో చూసి, మంచివేవో చెప్పి పెడితే నేను చూపిస్తాను" అని. నాకు నవ్వొచ్చింది. సైన్సు రానిదాన్ని నేనేం ఎంచుతాను? కాని మా వీధిలో నలుగురం తల్లులం సాయంత్రం పూట మా అరుగు మీద కూర్చునే అలవాటు. ఆకుకూరలు వొలుచుకుంటూనే చూద్దాం అనుకున్నాం. ఒక నెల రోజులు చూశాం. తేలిన సంగతులు చెప్తాను. మా చింతూరులో పనికొచ్చినవి మీ వూళ్ళోనూ పనికొస్తాయి.

అన్నిటికంటే తేలిక పరీక్ష శని చంద్రులు. సైటు తెరిచి శనికి ఎన్ని చంద్రులని రాశారో చూడండి. 62 అని వుంటే ఆ పేజీ 2019కి ముందుది. ఆ ఏడాది అక్టోబరులో లెక్క 82కి వచ్చింది. 2023లో 146 అయింది. 2025 మార్చిలో మరో 128 కలిసి 274 అయింది. పిల్లలు ఈ అంకెలు బట్టీ పట్టాలని కాదు నేను చెప్పేది. బియ్యం కొత్తవో పాతవో నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే తెలిసినట్టు, ఆ పేజీని ఎవరైనా చూసుకుంటున్నారా, గాలికి వదిలేశారా అన్నది దీనితో తెలిసిపోతుంది. మంచి సైట్లలో పేజీ అడుగున దాన్ని ఎప్పుడు సరిచేశారో, ఎవరు రాశారో వుంటుంది. ఎవరు రాశారో లేని పేజీ, సంతకం లేని వుత్తరం లాంటిది.

రెండో సంగతి కాస్త కోపంగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఒక సైటులో చంద్రుడి బొమ్మ మీద వేలు పెడితే "ఉచితం" అని, ముందు ఫోను నంబరు ఇమ్మంది. ఇచ్చాను. ఓటీపీ అడిగింది, అదీ చెప్పాను. మర్నాటి నుంచి మొదలయ్యాయి ఫోన్లు. "మీ పాపకి మంచి భవిష్యత్తు అక్కర్లేదా మేడమ్?" అని వాళ్ళ కోర్సుకి వేలకి వేలు కట్టమంటారు. వద్దంటే, తల్లినై వుండి పిల్ల చదువు మీద శ్రద్ధ లేదన్నట్టు మాట్లాడతారు. మూడు వారాలు పట్టింది వదిలించుకోవడానికి. చంద్రుడు మనందరికీ ఊరికే కనిపిస్తాడు. ఆయన్ని చూపించడానికి ముందు ఫోను నంబరు అడిగే సైటుని అక్కడే మూసేయండి. గ్రహానికీ గ్రహానికీ మధ్య డబ్బు పందేల ఆటల ప్రకటనలు వచ్చేవీ వున్నాయి. అవి ఎంత బాగున్నా పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఇక బొమ్మల సంగతి. దీపావళి రాత్రి మన దేశం ఆకాశంలోంచి ఎలా వుందో చూడండి అంటూ, ఎర్రగా పచ్చగా మెరిసే భారతదేశం బొమ్మ ఏటా ఫోన్లలో తిరుగుతుంది. చూసే వుంటారు. నేను దాన్ని మా పుట్టింటి గ్రూపులో రెండుసార్లు పంపించాను కూడా. అది దీపావళి బొమ్మే కాదుట. అమెరికా వాతావరణ వుపగ్రహాలు చాలా ఏళ్ళ పాటు రాత్రిళ్ళు తీసిన చిత్రాలు కలిపి, 1992 నుంచి 2003 దాకా ఏ వూళ్ళల్లో ఎప్పుడు దీపాలు పెరిగాయో చూపించడానికి ఒక్కో కాలానికి ఒక్కో రంగు వేసిన పటం అది. ఇంకొకటి: ఆగస్టు 27 రాత్రి అంగారకుడు చందమామంత కనిపిస్తాడు, మేలుకుని చూడండి అని. 2003లో ఆ తేదీన అంగారకుడు భూమికి బాగా దగ్గరికి వచ్చిన మాట నిజం. కాని ఆ దగ్గర అంటే కూడా అయిదున్నర కోట్ల కిలోమీటర్ల పైమాటే. చుక్కలాగే కనిపిస్తాడు గాని చందమామలా ఎన్నటికీ కనిపించడు. బొమ్మ బాగుందని నమ్మకూడదు. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, వేసిన రంగులా నిజం రంగులా అన్నది కింద రాసి వుంటేనే అది క్లాసులో చూపించదగ్గ బొమ్మ.

ఇంత దాకా ఎవరైనా చెప్తారు. అసలు మేము పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. ఇది చెప్పాలనే ఈ వారం కలం పట్టాను.

అట్లతద్ది నాడు చంద్రుడొచ్చేదాకా వుపవాసం వుండే మనకి, పౌర్ణమి తర్వాత చంద్రుడు రోజురోజుకీ ఆలస్యంగా వస్తాడని ఎవరు చెప్పాలి? ఆకలే చెప్తుంది! సగటున రోజుకి 50 నిమిషాలు. సంకష్ట చవితి చేసేవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. మరి మేము చూసిన ఒక పిల్లల పేజీలో, భూమి నీడ పడడం వల్ల చంద్రుడు తరిగిపోతాడు అని రాసి వుంది. పక్కింటి అక్కయ్య చిక్కుడుకాయ ఈనె తీస్తూ తలెత్తి, "నీడ పడితే గ్రహణం గదే! ప్రతి నెలా గ్రహణం విడుపు స్నానం చేస్తున్నామా?" అంది. ఆవిడ అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి. ఆవిడ మాటే రైటు. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే వుంటుంది. ఆ వెలుగు సగంలో మనకి ఎంత కనిపిస్తోందన్నదాన్ని బట్టే విదియ, అష్టమి, పున్నమి. నీడ పడేది చంద్రగ్రహణం నాడే. ఆ పేజీని అక్కడికక్కడే కొట్టేశాం.

ఆ సాయంత్రం నుంచి మాకు ధైర్యం వచ్చింది. మాకు సైన్సు రాదు గాని ఆకాశం కొంచెం తెలుసు అని.

ఉగాది మర్నాడు విదియ చంద్రుణ్ణి పిల్లలకి చూపిస్తే మా అమ్మాయి, "అమ్మా, సైటులో చంద్రుడు నిలబడి వున్నాడు, మనవాడు పడుకుని వున్నాడేం?" అంది. చూస్తే నిజమే! సైట్లన్నిట్లో నెలవంక అర్ధచంద్రాకారం బొట్టు పక్కకి తిప్పినట్టు నిలువుగా వుంది. మాకు పడమటి కొండ మీద పడవలా తేలుతోంది. తప్పు ఎవరిదీ కాదు. అమెరికా, యూరపు దేశాలు భూమధ్యరేఖకి దూరం గనక అక్కడ వాలు వేరు. మనం దగ్గర గనక, ముఖ్యంగా ఈ ఉగాది రోజుల్లో, నెలవంక వెల్లకిలా పడుకుంటుంది. మా అత్తగారు ఆ కొమ్ముల వాటం చూసి ఆ నెల ధరలు చెప్పేవారు. ధరల మాట నేను నమ్మలేదు గాని, కొమ్ముల వాటం రోజూ ఒకలా వుండదని ఆవిడ గమనించిన మాట ఒప్పుకోవాలి.

ధ్రువనక్షత్రం కూడా అంతే. మన వూరు ఎన్ని డిగ్రీల అక్షాంశం మీద వుంటే ధ్రువుడు నేల నుంచి అన్ని డిగ్రీల ఎత్తున వుంటాడు. చింతూరు సుమారు 17.7 డిగ్రీలు. చెయ్యి బారుగా చాపి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి ఆకాశంలో దాదాపు పది డిగ్రీలు కప్పుతుంది. అంటే ఉత్తరం దిక్కున రెండు పిడికిళ్ళకి కాస్త తక్కువ. లండనులో అయితే అయిదు పిడికిళ్ళు. విదేశీ సైటు చూసి నడినెత్తి దగ్గర్లో వెతికితే మన పిల్లలకి ధ్రువుడు ఎక్కడ దొరుకుతాడు? మాలాంటి కొండల వూళ్ళో ఉత్తరాన గుట్ట అడ్డం వుంటే అసలు కనిపించడు కూడా. పెళ్ళిలో అరుంధతిని చూపించే పంతులుగారికి మాత్రం పగలైనా కనిపిస్తుంది, అది వేరే సంగతి!

అందుకని మా మూడో పరీక్ష ఇది: ఆ సైటు మన వూరి ఆకాశం చూపిస్తుందా? స్టెల్లేరియం అని వుచితంగా దొరికేది ఒకటి వుంది. దాన్ని కంప్యూటరులోకి ఒకసారి దింపుకుంటే తర్వాత ఇంటర్నెట్టు లేకపోయినా పని చేస్తుంది. వూరు, తేదీ, టైము ఇస్తే ఆ వేళకి మన నెత్తి మీద ఏ చుక్క ఎక్కడుందో చూపిస్తుంది. టీచరమ్మకి మేము మొట్టమొదట చెప్పింది ఇదే. సిగ్నలు లేని రోజున కూడా క్లాసు ఆగదు. భారత ఖగోళ సంఘం వాళ్ళు "నీడ లేని రోజు" మన వూరికి ఎప్పుడో చెప్పే సదుపాయం పెట్టారు, అదీ బాగుంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. నాసా వాళ్ళు 1998లో పిల్లల కోసం మొదలుపెట్టిన స్పేస్ ప్లేస్‌లో నాకు నచ్చింది, ముందు రెండు వాక్యాల్లో జవాబు చెప్పేసి, తర్వాత వివరంలోకి వెళ్ళడం. ప్రకటనలు లేవు. మేము చూసినప్పుడు ఇంగ్లీషు, స్పానిష్‌లోనే వుంది. క్రీము బిస్కెట్లు గీకి చంద్రకళలు చెయ్యడం అందులో వుంది. మేము దోసెలతో చేశాం. పాడ్యమి నుంచి పున్నమి దాకా కొరుక్కుంటూ వచ్చారు, క్రీము బిస్కెట్ల ఖర్చు లేదు. మా చిన్నవాడు అమావాస్య ముందు చేశాడు, అంటే మొత్తం తినేశాడు. నాసా వాళ్ళదే "ఐస్ ఆన్ ద సోలార్ సిస్టమ్" చూడముచ్చటగా వుంటుంది గాని మా సిగ్నలుకి తిరిగి తిరిగి కళ్ళు నొప్పెట్టాయి. మన ఇస్రో సైటులో నిజం బొమ్మలు, నిజం లెక్కలు వుంటాయి. శ్రీహరికోటలో రాకెట్టు ఎగరడాన్ని చూడడానికి 2019 నుంచి గ్యాలరీ వుంది, పేరు కూడా ఆన్‌లైన్‌లోనే నమోదు చేసుకోవాలి. కాని సైటు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లోనే. రాకెట్టు ఎగిరేది తెలుగు నేల మీద నుంచి, చదువుకోవడానికి మాత్రం తెలుగు కరువు. ఈ మాట రాయకుండా వుండలేకపోయాను. తెలుగులో కావాలంటే దీక్షా అనే ప్రభుత్వ పోర్టల్లో పాఠ్యపుస్తకం వెంట నడిచే పాఠాలున్నాయి. అరవింద్ గుప్తా గారి సైటులో పనికిరాని సామాన్లతో చేసే సైన్సు బొమ్మలు, వుచితంగా దింపుకునే పుస్తకాలు వున్నాయి. వాటిలో తెలుగువీ వున్నాయి.

ఇంట్లో మంచిదైనది బడికి మంచిది కానక్కర్లేదు, ఈ సంగతి టీచరమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. రాకెట్టు ఎగరేసే ఆట ఒకటి మా పిల్లలు పోటీలు పడి ఆడారు. అదే క్లాసులో పెడితే ఒక్కడు నొక్కుతాడు, నలభై మంది కూర్చుని వాడి వీపు చూస్తారు. క్లాసుకి కావలసింది తెర మీద అయిదు నిమిషాలు చూపించి ఆపేసి, మిగతా అరగంట పిల్లల చేత చేయించగలిగేది. మేము ఇచ్చింది ఒక కొబ్బరికాయ, ఒక నిమ్మకాయ. కొబ్బరికాయ భూమి అయితే నిమ్మకాయ చంద్రుడు. రెంటి మధ్య ఎంత దూరం పెట్టాలి? మేము చూసిన సైట్లలో చాలా వాటిలో రెండూ పక్కపక్కనే గీసి వున్నాయి. పిల్లలూ జానెడు దూరంలో పెట్టారు. అసలు దూరం 3 లక్షల 84 వేల కిలోమీటర్లు, అంటే వరసగా ముప్ఫై భూములు పట్టేంత. ఆ లెక్కన నిమ్మకాయని పన్నెండు అడుగుల అవతల పెట్టాలి. గోడ దాకా నడిచి వెళ్ళి పెట్టిన పిల్ల వెనక్కి తిరిగి చూసి, "చంద్రయాన్ ఇంత దూరం వెళ్ళిందా!" అన్నదట.

మా వీధి తల్లుల్లో ఒకామె కోయ ఇంటి ఆడపడుచు. పిల్లవాడు ఆశ్రమ పాఠశాలలో వుండి చదువుతాడు. సెలవులకి వచ్చినప్పుడు తెర మీద కృత్తికలు చూపించి, మేము వీటిని పిల్లలకోడి అంటాం అని చెప్తే, వాడు వెళ్ళి వాళ్ళ అవ్వని అడిగాడు. ఆ ముసలమ్మ ఆ రాత్రి నులకమంచం మీద పడుకుని తన భాషలో చుక్కల పేర్లు ఒక్కొక్కటే చెప్తుంటే, పిల్లలు నోటు పుస్తకంలో తెలుగు అక్షరాలతో రాసుకున్నారు. కరెంటు పోయి వుంది, చుక్కలు చేటలో పోసిన నూకల్లా వున్నాయి. మేము చూసిన ఏ సైటులోనూ ఆ పేర్లు లేవు. టీచరమ్మ ఆ కాగితాన్ని క్లాసు గోడకి అంటించారు.

ఇక నీడ లేని రోజు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు రోజూ నడినెత్తి మీదికి వస్తాడని చాలామంది అనుకుంటాం, కొన్ని సైట్లూ అలాగే రాశాయి. మన దగ్గర ఏడాదికి రెండే రోజులు వస్తాడు. చింతూరుకి మే 10 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆగస్టులో మాకు మబ్బే గనక మే నెలే నయం. మీ వూరు ఇంకా దక్షిణానికి వుంటే మేలో కొన్ని రోజులు ముందే వస్తుంది.

ఆ రోజు పదకొండున్నరకే అరుగు ముందు చదునైన చోట స్టీలు గ్లాసు ఒకటి, రోకలి ఒకటి నిలబెట్టాం. రోకలిని మా వారు నిటారుగా పట్టుకుని ఎండలో నిలబడ్డారు, నెత్తి మీద తడి తువ్వాలుతో. నీడ కురచనైపోతూ వచ్చి, వచ్చి, గ్లాసు అడుగుకి చేరి మాయమైపోయింది. మా చిన్నమ్మాయి గడియారం చూసి 12 గంటల 2 నిమిషాలు అని రాసుకుంది. ఆ పూట పొయ్యి మీద మామిడికాయ పప్పు మాడి అడుగంటింది. ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం మంచం కింద నుంచి ఆ పాత చార్టు బయటికి వచ్చింది. ప్లూటోని చెరపలేదు. పక్కన "మరుగుజ్జు గ్రహం, 2006 నుంచి" అని చేర్చింది. శని దగ్గర 62 కొట్టేసి 274 వేసింది. అడుగున చిన్న అక్షరాలతో "ఈ లెక్క 2025 మార్చి నాటిది" అని రాసి, తన పేరు, తరగతి, వూరి పేరు రాసుకుంది.